సూదిలో దారం ఎక్కేంతసేపు

తలుపు వేసి పదమూడు నిమిషాలైంది. గడియారం నా ఎదురు గోడ మీదే ఉంది కాబట్టి పదమూడు అంటున్నాను, లేకపోతే గంటన్నర అనేవాణ్ణి. లోపల పొడుగమ్మాయి, ఆమెకి ఎదురుగా మనవైపు నుంచి విమానమెక్కి వచ్చిన పరీక్షలాయన, బల్ల పక్కన ఒక్క ముక్క తెలుగు రాకపోయినా అంతా అర్థమైనట్టు తలాడించే పెద్ద పంతులమ్మ. బయట బెంచీ మీద నేను. ఇక్కడ కూర్చోమని నాకెవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు, కింద నా కుట్టుగదిలో పట్టాలు పుచ్చుకునేవాళ్ల నల్లగౌన్లు పద్దెనిమిది అంచు మడవకుండా పడున్నాయి, పడుండనీ. ఈ విశ్వవిద్యాలయంలో పరాయి భాషలు ఇరవై ఏడు నేర్పుతారు, మెట్ల దగ్గర గోడకి వరసగా ఒక్కో భాషకి ఒక్కో ఇత్తడి పలక బిగించారు, ఆఖరిది మనది, ఈ ఏడు చేరింది ముగ్గురు, ముగ్గురూ గట్టెక్కితే తెలుగు ఉంటుంది, ఒక్కరు తప్పినా తీసేస్తాం అని పెద్ద పంతులమ్మ చేతులు కట్టుకుని మరీ నాతో చెప్పింది, ఆమె చెడ్డ మనిషి కాదు, పైవాళ్ల మాట అది. నిన్న ఇద్దరి పని అయింది. ఎర్రగడ్డం గట్టెక్కాడు. నిద్రమొహం ఒక్క మార్కు మీద వేలాడి గట్టెక్కాడు. మూడో మనిషి లోపల ఉంది, లోపల్నుంచి చప్పుడు లేదు.

చప్పుడు లేకపోవడం నాకు కొత్తేం కాదు. నేను మాట్లాడే మనిషిని కాను. ఒప్పందం మీద కుట్టుపనికి వచ్చి, ఒప్పందం అయిపోయాక కూడా ఇక్కడే మిగిలిపోయినవాణ్ణి, ఇరవై రెండేళ్లు, ఇక్కడి భాష నాకు వినడం వచ్చు, అనడం రాదు, చెవులతోనే బతుకు గడిచిపోయింది. మా ఇంటావిడ ఉన్నన్నాళ్లూ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. ప్రశ్న తనదే, జవాబూ తనదే. కూర బాగుందా, బాగుంది, ఉప్పు సరిపోయిందా, సరిపోయింది, అలాగైతే ఇంకాస్త వేసుకోండి, అని నా పళ్లెంలో వేసేసేది, నేను నమిలేవాణ్ణి. ఒక్కోసారి నామీద అలిగి మాట్లాడటం మానేసేది, పాపం దానివల్ల శిక్ష పడేది తనకే, పొద్దున మానేస్తే మధ్యాహ్నానికి గిన్నెలతో మాట్లాడుతూ దొరికిపోయేది. పిల్లలు లేరు. తను పోయి ఆరేళ్లు. తనతోపాటే ఇంట్లోంచి తెలుగు కూడా లేచి వెళ్లిపోయింది. నాతో నేను మాట్లాడుకునే అలవాటు లేదు, ఒక్క కొలతలు తప్ప. భుజం పదిహేడున్నర, చెయ్యి ఇరవై నాలుగు, మెడ పదహారు. అంతే, నా దగ్గర మిగిలిన తెలుగు అంతే. పళ్లెం కడిగేటప్పుడు, లైటు తీసేటప్పుడు, నోరు తెరవాలనిపించి, ఎవరితో, అని మూసేసిన రోజులున్నాయి.

ఆ కొలతల దగ్గరే పెద్ద పంతులమ్మ నన్ను పట్టుకుంది. గౌను వదులు చేయించుకోవడానికి వచ్చి, చేతులు బార్లా చాచి స్టూలు మీద నిలబడింది, నేను టేపు చుట్టి అలవాటుగా ముప్పై తొమ్మిదింపావు అన్నాను, ఇదేం భాష అని అడిగింది, తెలుగు అన్నాను, పోయిన పర్సు దొరికినట్టు నావంక చూసింది. తెలుగు చెప్పే కుర్ర లెక్చరరు వేరే ఉద్యోగం వచ్చి నడి ఏడులో వెళ్లిపోయాడట, పిల్లలు అక్షరాలు నేర్చుకున్నారు, పుస్తకాలు చదువుతున్నారు, మాట్లాడటానికే మనిషి లేడట. వారానికి మూడు గంటలు వాళ్ల ఎదురుగా కూర్చుని మాట్లాడితే చాలు అంది. మాట్లాడటానికి నేను. మా ఇంటావిడ ఉంటే నేలమీద పడి దొర్లి నవ్వేది. నేను మూడో తరగతి అని మూడు వేళ్లు చూపించాను. చదువు కాదు, మాట కావాలి అంది ఆమె. అదైతే ఇంకా తక్కువ అని చెప్పడానికి నాకు ఆ భాషలో మాటలు లేవు.

మొదటి రోజు గంటసేపు నలుగురం కూర్చున్నాం. ఎర్రగడ్డం లేచి నిలబడి, నమస్కారమండీ, తమరు కుశలమేనా, అన్నాడు. ఊఁ అన్నాను. నిద్రమొహం ఆవలింత దిగమింగి, వాతావరణము ఆహ్లాదకరముగా ఉన్నది, అన్నాడు. కిటికీలోంచి చూశాను, ధారగా వాన. ఊఁ అన్నాను. పొడుగమ్మాయి అసలు నోరే విప్పలేదు, తల వంచుకుని కోటు జేబు వంక చూసుకుంటోంది, జేబు మూల చిరిగి నాలికలా వేలాడుతోంది. ఏ మనిషికైనా ఊరుకోలేని సంగతి ఒకటుంటుంది, నాకు అది. కాలరు లోపల గుచ్చుకున్న సూది తీశాను, చెయ్యి చాచాను, ఎలా చిరిగింది, అన్నాను. ఆ గదిలో నేనన్న మొదటి మాట అదే. ఆమె కోటు ఇచ్చింది. తలుపు, అంది. ఆగింది. చెయ్యి, అంది. నేను సూది పట్టుకుని కూర్చున్నాను, చెప్పేదాకా కుట్టలేదు, ఎదురు చూడటం నాకు బాగా వచ్చిన పని. గంట కొట్టేసరికి ఆమె, తలుపు పిడికి జేబు తగులుకుంది, నేను చూడకుండా పరిగెత్తాను, బస్సు వెళ్లిపోయింది, జేబూ వెళ్లిపోయింది, అంది. అప్పుడు కుట్టాను. అదే మా పద్ధతి అయిపోయింది. చిరుగు చూపించు, ఎలా చిరిగిందో సరిగ్గా చెప్పు, చెబితేనే సూది కదులుతుంది. చిరుగులు అయిపోయాయి, పిల్లలు ఆగరు కదా, ఎర్రగడ్డం కొత్త చొక్కాలు తెచ్చి కుక్క కరిచిందని చెప్పేవాడు. పోగులు చూస్తే నాకు తెలిసిపోతుంది, పంటితో చినిగింది ఒకలా ఉంటుంది, కోసింది ఒకలా. కుక్కకి కత్తెర ఎవరిచ్చారు, అన్నాను. ముగ్గురూ బల్లమీద తలలు వాల్చి నవ్వారు, నా మాటకి మనుషులు నవ్వడం అరవై ఎనిమిదేళ్లలో అదే మొదలు, ఇంటికి వెళ్లి అద్దంలో మొహం చూసుకున్నాను, ఎవరైనా మారిపోయారేమో అని. నిద్రమొహం ఒకే గుండీని నాలుగుసార్లు పీక్కొచ్చాడు, నాలుగు కథలు, నాలుగో కథలో గుండీకి పెళ్లి కూడా అయింది. పొడుగమ్మాయి మాత్రం ఎప్పుడూ నిజమే చెప్పేది, కొంచెమే చెప్పేది, చెప్పేముందు వేళ్లవంక చూసుకుని ఆగేది. నేను గమనించలేదు. నిన్న సాయంత్రం దాకా గమనించలేదు. అద్దం లేనిదే ఎవడి మొహం వాడికి కనిపించదు కదా.

నిన్న సాయంత్రం ఎర్రగడ్డం పరీక్ష అయ్యాక నా గదికి వచ్చి ఇస్త్రీ బల్ల మీద కూర్చుని చాడీలు చెప్పాడు. తాతగారూ, ఆయనకి మర్యాద తెలియదు, నేను ఇంకా ఆగుతుండగానే రెండో ప్రశ్న అడిగేశాడు, మన భాష నేర్పించే మనిషికి మన పద్ధతే రాదు, అన్నాడు. ఏం పద్ధతిరా, అన్నాను. అదేనండీ, అడిగాక ఆగడం, అని వేళ్లు దగ్గరికి చేర్చి, ఒక కన్ను చికిలించి, తల కొంచెం పక్కకి వంచి చూపించాడు. సూదిలో దారం ఎక్కిస్తున్న నేను. నిలువునా నేను. నోట్లోంచి జవాబు వచ్చేముందు దారం ఎక్కేంతసేపు ఊరుకోవాలి, అది తెలుగువాళ్ల మర్యాద, అని ముగ్గురూ నేర్చుకుని కూర్చున్నారు. నమస్కారం ఎంతో అదీ అంతే అనుకున్నారు. ఆ పరీక్షలాయన, పాపం, రాదు కాబోలు అనుకుని మార్కులు కోసేశాడు.

అది నా మర్యాద కూడా కాదు, మా నాన్నది. ఆయన దారం కొస పెదాల మధ్య తడుపుతూ ఉండేవాడు, ఏం అడిగినా ఆ దారం సూదిలోకి ఎక్కాక గానీ జవాబు రాదు, అమ్మ ప్రశ్న అడిగేసి వెళ్లి నీళ్లు తోడుకుని వచ్చేది, అప్పటికి జవాబు తయారుగా ఉండేది. ఎవరి ఇంట్లో అయినా ఇంతే అనుకుని నేను బడికి వెళ్లాను. బడిలో పంతులుగారు ఎనిమిదో ఎక్కం అడిగారు, ఎనిమిది తొమ్మిదులు ఎంతరా. నాకు వచ్చు. డెబ్భై రెండు నోటిదాకా వచ్చి దారంలా నిలబడింది, ఈలోపల పక్కవాడు డెబ్భై రెండు అనేశాడు. మర్నాడు ఏడు ఆర్లు. మళ్లీ వచ్చు, మళ్లీ పక్కవాడు. మూడేళ్లు నాకు తెలిసినవన్నీ పక్కవాడు చెప్పాడు. బెత్తం అరచేతిలో పడేది, అది పడుతుండగా కూడా జవాబు లోపల అలాగే నిలబడి ఉండేది. ఆఖరికి పంతులుగారు మా కొట్టుకి వచ్చి, వీడు మొద్దు, వీణ్ణి చదివించి లాభం లేదు, అని నాన్నకి చెప్పారు. నాన్న దారం ఎక్కించి, ముడి వేసి, సరే, అన్నాడు. నా చదువు ఆ ముడితో ఆగిపోయింది. పంతులుగారిని తప్పు పట్టను, నలభై మంది పిల్లలు, ఒక్కొక్కడి కోసం ఎంతసేపని ఆగుతాడు మనిషి. కానీ ఈ అమ్మాయికి అదే అంటించానే అని రాత్రంతా మంచం మీద ఇటు దొర్లి అటు దొర్లాను. పొద్దున్నే మెట్ల దగ్గర ఆమెని పట్టుకుని, అమ్మాయ్, ఇవాళ ఆగొద్దు, అడగ్గానే చెప్పెయ్, అన్నాను. ఆమె వేళ్లవంక చూసుకుంది. దారం ఎక్కేంతసేపు ఊరుకుంది. అలా చెబితే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది తాతగారూ, అంది. లోపలికి వెళ్లిపోయింది.

పందొమ్మిది నిమిషాలు. తలుపు మీద చిన్న కిటికీ ఇప్పుడే తెరిచారు, గాలికి, అందులోంచి పరీక్షలాయన గొంతు వస్తోంది, మంచి గొంతు, సభలో మైకు లేకపోయినా చివరి వరసదాకా వెళ్లే గొంతు. ఈ సంవత్సరం మీరు అభ్యసించిన అంశాలను గురించి వివరించండి, అంటోంది. ముల్లు టిక్కుమంది. చెప్పు తల్లీ. మళ్లీ టిక్కుమంది. ప్రశ్న అర్థం కాలేదా అమ్మా, అంటున్నాడు ఆయన. పక్కవాడు లేడు, అదొక్కటే మేలు, అనేసే పక్కవాడు ఈ గదిలో లేడు. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, ఏం చేసుకోవాలో తెలియక బెంచీ చెక్క అంచు తడుముతున్నాను.

"అర్థమైందండీ."

"మరి ఊరుకుంటావేం? నిన్నటివాళ్లూ ఇంతే. అడిగినప్పుడల్లా వేళ్లు చూసుకోవడం. జవాబులు వేళ్లమీద రాసుకొచ్చారా ఏమిటి?"

ఆయన అండీ వదిలేసి నువ్వులోకి వచ్చాడు, విసుగులో వచ్చాడో మరెందుకో. ఆమె ఆగింది.

"మీరు అడిగారు కదండీ. వెంటనే చెప్పేస్తే మీ మాట నేను వినలేదని. కాసేపు దగ్గర ఉంచుకుని అప్పుడు చెప్పాలి. అది మర్యాద."

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పలేదండీ. మా తాతగారు చేస్తారు."

"ఎవరా తాతగారు?"

"కింద బట్టలు కుడతారు."

నా చెవులు కాలుతున్నాయి. వెళ్లిపోదామని సగం లేచి మళ్లీ కూర్చున్నాను.

"చూడమ్మా, నలభై ఏళ్లుగా ఈ భాష పాఠం చెబుతున్నాను. అలాంటి మర్యాద తెలుగులో ఎక్కడా లేదు."

టిక్కు. టిక్కు. టిక్కు.

"ఉందండీ. మీ ఇంట్లో లేదేమో."

అయిపోయింది. పలక ఊడింది. గోడమీద దాని చోటు తెల్లగా ఎలా ఉంటుందో కూడా నాకు కనిపించింది. కుర్చీ కిర్రుమంది లోపల, ఆయన లేచాడనుకున్నాను, లేవలేదు, వెనక్కి వాలాడు, నవ్వు వినిపించింది, ముందు ముక్కులోంచి, తరవాత పొట్టలోంచి, చాలా రోజులుగా మడతపెట్టి ఉంచిన నవ్వు. "మా ఇంట్లోనా, మా ఇంట్లో అడక్కముందే జవాబు చెబుతారే తల్లీ. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే మా ఆవిడ, తేలేదు కదూ, నాకు తెలుసు, అంటుంది. ఏం తేవాలో నాకు ఇప్పటికీ తెలియదు." ఆ గొంతు మైకు గొంతు కాదు. పెరట్లో బనీనుతో నిలబడిన మనిషి గొంతు. అయితే మీరేమంటారండీ, అని అడిగింది మా పొడుగమ్మాయి. చూశారా, అడిగింది. మా పద్ధతే. చిరుగు ఎక్కడుందో కనిపెట్టి, ఎలా చిరిగింది అని అడగడం. ఆయన చెబుతున్నాడు, ఆమె కాదండీ అంటోంది, అలా అంటే ఆవిడకి ఇంకా కోపం వస్తుంది కదా అంటోంది, నాలుగు రోజులు ఊరుకుని చూడండి అంటోంది, ఆయన, ఊరుకుంటే ఊరుకోనిస్తుందా, అంటున్నాడు. మధ్యలో ఆయనకి పరీక్ష గుర్తొచ్చి పుస్తకం తీసి ఒక పేజీ చదివించాడు, ఆమె తడబడకుండా చదివింది, నాకు అందులో సగం మాటలు తెలియవు, ఆమెకి తెలుసు, చదివేసి, బాగుందండీ, కానీ ఆకలేసినప్పుడు ఇలా ఎవరు మాట్లాడతారు, అంది. ఆయన మళ్లీ నవ్వు. ఆమె ఎర్రగడ్డం కుక్క కథ ఎత్తుకుంది, కుక్కలా మొరిగి మరీ చెప్పింది, నేను అన్న మాట నా గొంతుతోనే అంది, కుక్కకి కత్తెర ఎవరిచ్చారు. పెద్ద పంతులమ్మ కూడా నవ్వుతోంది, ఏం అర్థమైందో.

అయినా ప్రతిసారీ ఆమె ఆగుతూనే ఉంది. అది గమనిస్తున్నాను నేను. మానలేదు, కురచ చెయ్యలేదు, ఒకటే కొలత. మారింది ఆయన. ఆయన ఆగుతున్నాడు ఆమె కోసం. అడుగుతాడు, ఊరుకుంటాడు, ముల్లు తిరుగుతుంది, జవాబు వస్తుంది. ముప్పై ఒక్క నిమిషం, ముప్పై నాలుగు, ఎవరూ ఎవరి నోట్లోంచీ మాట లాక్కోవడం లేదు. అప్పుడు ఆమె, మీ అమ్మగారు మీతో ఎలా మాట్లాడేవారండీ, అని అడిగింది. ఈసారి ఆగింది ఆయన. నేను ముల్లు లెక్కపెట్టాను, ఏడు, ఎనిమిది, తొమ్మిది, నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి జవాబు దగ్గర ఉంచుకుని కూర్చున్నాడు, ఆమె కదిలించలేదు. తరవాత ఆయన ఏదో చెప్పాడు, మెల్లిగా చెప్పాడు, కిటికీదాకా రాలేదు, నాకు కాదు అది, అయినా నా లోపల ఎక్కడో ఒక బడిగది తలుపు తెరుచుకుంది, నలభై మంది పిల్లలు నోళ్లు మూసుకుని నావంక తిరిగి కూర్చున్నారు, పంతులుగారు బెత్తం కింద పెట్టి, తొందరేం లేదురా, చెప్పు, అన్నారు. డెబ్భై రెండండీ. అరవై ఏళ్లకి నా వంతు వచ్చింది. బెంచీ మీద కూర్చుని ఒక్కణ్ణీ నవ్వుతున్నాను, వరండాలో పోతున్న ఊడ్చే ఆవిడ నావంక చూసి చీపురు పక్కకి తీసుకుని వెళ్లింది.

తలుపు తెరిచారు. పెద్ద పంతులమ్మ ముందు వచ్చింది, నాకు మూడు వేళ్లు చూపించింది, ముగ్గురూ, అని, కళ్లు తడిగా ఉన్నాయి, ముక్కు చీదుకుంది. వెనక పొడుగమ్మాయి, మొహం ఎర్రగా, ఇప్పుడే పరిగెత్తి బస్సు అందుకున్నట్టు. ఆ వెనక పరీక్షలాయన తిన్నగా వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు, నేననుకున్నదానికంటే పొట్టి, నాకంటే చిన్నవాడు, చొక్కా మంచి కుట్టు. ముగ్గురినీ పాడు చేశారండీ మీరు, అన్నాడు నవ్వుతూ. ఇంక ఆగలేదు. ఐదు రోజులైందటండీ ఆయన తెలుగులో తీరిగ్గా మాట్లాడి, ఫోనులో ఆవిడ మాట్లాడనివ్వదు కదా, మోకాలు నొప్పి చెప్పాడు, హోటలు మంచం మెత్తన చెప్పాడు, పడుకుంటే మనిషి కనపడడట, వెతుక్కుని లేవాలట, కుళాయి ఎటు తిప్పితే వేణ్ణీళ్లో ఐదు రోజులైనా అంతు చిక్కలేదట, నిన్నటి ఇద్దరికీ కోసిన మార్కులు మళ్లీ వేసేశానని చెప్పాడు, ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర మీ పద్ధతి ప్రయోగించి చూస్తాను, బతికి ఉంటే ఉత్తరం రాస్తాను, అన్నాడు. నేను వింటున్నాను. ఎంత బాగుందో చెప్పలేను, వింటూ ఉండటం. ఆఖరికి ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడు పదకొండు మంది పేర్లిచ్చారట, పెద్దావిడ చెప్పారు. మీరే కూర్చోబెట్టుకోవాలి. ఏమంటారు?" అన్నాడు.

ఊఁ, అన్నాను.

పెద్ద పంతులమ్మ నోటుపుస్తకం తెరిచి, ఏమన్నారు, అని పొడుగమ్మాయిని అడిగింది. ఆమె తమ భాషలో చెప్పడం మొదలుపెట్టింది, అనడం రాకపోయినా వినడం నాకు వచ్చు కదా, చెవి పెట్టాను. ఆయనకి చాలా సంతోషంగా ఉంది. పదకొండు మందికి ఈ గది చాలదు, కింద ఆయన గదిలో బల్ల పెద్దది, అక్కడ అయితే వస్తారు. కుర్చీలు మనమే తెప్పించాలి. చేరేవాళ్లెవరూ ముందుగా పుస్తకం చదివి రాకూడదు, చదివి వస్తే వాతావరణం గురించి మాట్లాడతారు. పెద్ద పంతులమ్మ ఒక్కొక్కటీ రాసుకుంటోంది, రాసుకుని, ఇంతా ఆయన అన్నారా, అని నావంక అనుమానంగా చూసింది. నాలుగు మాటలు. నేను ఒకటి తరవాత ఒకటి మనసులో తిరగేసి చూసుకున్నాను, ఎక్కడైనా తను సొంతంగా కలిపిందేమో అని. లేదు. నాలుగూ నేను అన్నవే.